గాలిని కడిగేదెవరు? – ఒక రేడియోకార్బన్ కథ

హైదరాబాదులో ఇసిఐఎల్ సమీపాన టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం 1969 నుండి ఉన్నది. చలికాలం మొదలై వేసవి ముదిరేలోగా అక్కడినుండి ఉదజని నింపిన పెద్ద పెద్ద పాలిథీన్ బెలూన్లు పరికరాలను మోసుకుని ముప్ఫై, నలభై కిలోమీటర్ల ఎత్తుకు వెళ్తాయి. పని పూర్తయ్యాక పరికరాల పెట్టె రంగుల పారాచూటు కట్టుకుని ఎక్కడో ఒక చేనులో దిగుతుంది. అందుకని ఎగరవేసే ముందు పత్రికల్లో ఒక ప్రకటన వస్తుంది: ఫలానా జిల్లాలలో ఇటువంటి వస్తువు కనబడితే ముట్టుకోవద్దు, విప్పవద్దు, దగ్గరలోని పోలీసుస్టేషనుకో పోస్టాఫీసుకో తెలియజేయండి, తగిన పారితోషికం ఇస్తాము అని. జిల్లాల పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. జనగామ, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్ – మూడూ అందులో కనిపిస్తాయి. 2016 అక్టోబరు 11కు ముందు వీటిలో అధికభాగం వరంగల్ అనే ఒక్క పేరులో ఇమిడి ఉండేది.

సాధారణంగా ఆ ప్రకటనను ఎవరూ రెండోసారి చదవరు. అయితే ఆ బెలూన్లు వెళ్ళి వచ్చే దారిలో, అంటే మన పొలాలకూ ఆకాశపు అంచుకూ మధ్య, ఒక విచిత్రమైన పదార్థం క్షణక్షణం పుడుతూ ఉంటుంది. భూమి మీద గాలి తన్ను తాను ఎలా శుభ్రం చేసుకుంటున్నదో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు దొరికిన అతి సూక్ష్మమైన గుర్తు అది. ఆ గుర్తును ఎలా పట్టుకున్నారన్నదే ఈ వ్యాసం.

అంతరిక్షం నుండి వచ్చే విశ్వకిరణాలు పై గాలిని ఢీకొన్నప్పుడు పరమాణు కేంద్రకాలు బద్దలై న్యూట్రాన్లు వెలువడతాయి. ఆ న్యూట్రాన్ ఒక నత్రజని కేంద్రకంలో దూరి, అందులోని ప్రోటాన్‌ను బయటికి నెడితే మిగిలేది కర్బనం-14. దీనినే రేడియోకార్బన్ అంటాము. 1940 ఫిబ్రవరిలో మార్టిన్ కామెన్, శామ్ రూబెన్ బర్క్‌లీలో దీనిని తొలిసారి కనుగొన్నారు. దాని అర్ధాయువు 5730 సంవత్సరాలు. విల్లార్డ్ లిబ్బీ దీని సాయంతో పాత కట్టెలకూ ఎముకలకూ బొగ్గు ముక్కలకూ వయసు చెప్పే పద్ధతి కనిపెట్టి 1960లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. మనలో చాలామందికి రేడియోకార్బన్ అంటే ఆ తవ్వకాల కథే గుర్తుకు వస్తుంది. కానీ దానికి మరొక జీవితం ఉన్నది. అది పుట్టిన తొలి రెండు మూడు నెలల జీవితం.

విశ్వకిరణాలు గాలిలో ఏయే రేడియోధార్మిక పదార్థాలను ఎంతెంత పుట్టిస్తాయో లెక్కకట్టిన పనిలో మన దేశానికి పెద్ద పాలు ఉన్నది. 1950లలో బొంబాయి టాటా సంస్థలో బెర్నార్డ్ పీటర్స్, ఆయన శిష్యుడు దేవేంద్ర లాల్ మొదలైనవారు వాననీటిలో బెరీలియం-7, ఫాస్ఫరస్-32 వంటి వాటిని వెతికి పట్టుకున్నారు. అవి ఎంత త్వరగా నేలకు దిగుతున్నాయో చూస్తే గాలి ఎలా కదులుతున్నదో తెలుస్తుందని వారి ఆలోచన. లాల్, పీటర్స్ కలిసి 1967లో ప్రచురించిన సుదీర్ఘ వ్యాసం ఆ రంగంలో ఇప్పటికీ మూలగ్రంథం వంటిది. ఏ అక్షాంశం మీద, ఏ ఎత్తులో ఎన్ని కేంద్రకాలు పగులుతాయో అందులో ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం విశ్వకిరణాలను ధ్రువాల వైపుకు మళ్ళిస్తుంది. మన వంటి భూమధ్యరేఖ సమీప ప్రాంతాల మీదికి మిక్కిలి శక్తి గల కిరణాలు మాత్రమే చొరబడగలవు. హైదరాబాదులో బెలూన్ కేంద్రం ఉండడానికి ఇదీ ఒక కారణమే. విశ్వకిరణాల రొద ఇక్కడ తక్కువ గనుక, ఆకాశం నుండి వచ్చే ఎక్స్‌కిరణాల వంటి సున్నితమైన సంకేతాలు తేటగా వినబడతాయి. అంటే రేడియోకార్బన్ కూడా మన నెత్తిమీద తక్కువే పుడుతుంది, ధ్రువాల మీద ఎక్కువ. ఈ సంగతి మళ్ళీ అవసరమవుతుంది.

పుట్టిన కర్బనం-14 పరమాణువు వెంటనే ఏమవుతుంది? ఆక్సిజన్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడు అవుతుందని చాలాకాలం అందరూ అనుకున్నారు. లిబ్బీ పద్ధతికి అది చాలు కూడా. చివరికి ఆకులోకి చేరేది అదే కదా! కానీ 1960 ప్రాంతంలో రిచర్డ్ వుల్ఫ్‌గాంగ్, పాండో, మెకే అనే రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పరీక్షించి చూస్తే, వేడిగా పుట్టిన ఆ పరమాణువు ఆక్సిజన్ అణువు నుండి ఒక్క పరమాణువునే లాక్కుని కార్బన్ మోనాక్సైడు అవుతున్నట్టు తేలింది. ఆ తరువాత వారు నిజమైన గాలిలోని కార్బన్ మోనాక్సైడును వేరుచేసి చూసి, అందులోనూ రేడియోకార్బన్‌ను పట్టుకున్నారు. ఆ ఫలితం 1963లో అచ్చయింది. ఆశ్చర్యం ఏమంటే, అది ఉండవలసినంత లేదు. చాలా తక్కువగా ఉన్నది.

ఆ తక్కువతనంలో దాగిన అర్థాన్ని బయటికి తీసినవాడు ఫోర్డ్ మోటార్ కంపెనీలో పనిచేసే బెర్నార్డ్ వైన్‌స్టాక్. కార్ల కంపెనీవాడికి కార్బన్ మోనాక్సైడు మీద ఆసక్తి ఎందుకో చెప్పనక్కరలేదు. అప్పట్లో, ఆ విషవాయువు గాలిలో కొన్ని సంవత్సరాలు నిలిచి ఉంటుందని అంచనా. అదే నిజమైతే కార్లు పెరిగినకొద్దీ గాలి విషమయం కావలసిందే. 1969లో వైన్‌స్టాక్ చేసిన లెక్క మన చెరువు లెక్క వంటిది. చెరువులోకి రోజుకు ఎంత నీరు వస్తున్నదో తెలుసు. చెరువులో ఎంత నీరున్నదో తెలుసు. నీటిమట్టం పెరగడమూ లేదు, తరగడమూ లేదు. అప్పుడు తూముగుండా ఎంత పోతున్నదో ఎవరూ వెళ్ళి కొలవనక్కరలేదు, గట్టు మీద కూర్చునే చెప్పవచ్చు. విశ్వకిరణాలు పుట్టించే రేడియో కార్బన్ మోనాక్సైడు వచ్చే నీరు. గాలిలో కొలిచినది చెరువు మట్టం. ఆ రెండింటినీ భాగిస్తే కార్బన్ మోనాక్సైడు అణువు ఆయుష్షు సంవత్సరంలో పదోవంతు, అంటే సుమారు నెలా ఆరు రోజులు అని వచ్చింది! ఏళ్ళు కాదు, వారాలు. గాలిలో ఎవరో దానిని ఎడతెగకుండా తినేస్తున్నారు. ఎవరు?

రెండేళ్ళ తరువాత, 1971లో, హైరమ్ లెవీ అనే యువకుడు సమాధానం చెప్పాడు. నేలకు దగ్గరగా ఉండే గాలిలోని కాస్త ఓజోన్‌ను సూర్యుని అతినీలలోహిత కిరణం విరగగొడితే ఉద్రిక్తమైన ఆక్సిజన్ పరమాణువు ఒకటి విడివడుతుంది. అది నీటి ఆవిరి అణువును తాకితే రెండు హైడ్రాక్సిల్ కణాలు పుడతాయి. ఒక ఆక్సిజన్, ఒక ఉదజని, ఒక జత దొరకని ఎలక్ట్రాన్. ఈ హైడ్రాక్సిల్ మహా ఆకలిగొట్టుది. కార్బన్ మోనాక్సైడు, మీథేన్, అడవుల నుండి వచ్చే సుగంధ ఆవిర్లు, గంధకపు పొగలు – దేనిని తాకితే దానిని ఆక్సీకరణం చేసి, వానలో కొట్టుకుపోయే రూపానికి తెస్తుంది. దాని ఆయుష్షు ఒక సెకను మాత్రమే. ఘన సెంటీమీటరు గాలిలో సగటున పది లక్షల దాకా ఉంటాయి. వినడానికి పెద్ద సంఖ్యే కానీ, అదే ఘన సెంటీమీటరులో మొత్తం గాలి అణువులు 2.7 కోట్ల కోట్ల లక్షలు. ఇంత అల్పసంఖ్యాకులు ఇంత పెద్ద ఇల్లు ఊడ్చిపెడుతున్నారన్న మాట. మంచి ఎండ, తేమ గల గాలి ఉన్నచోట ఇది ఎక్కువ పుడుతుంది గనుక, ఈ ఊడుపు పనిలో అధికభాగం ఉష్ణమండలంలోనే జరుగుతుంది. అంటే మన ఆకాశంలో.

ఇక్కడ వచ్చిన చిక్కు ఏమిటంటే సెకను బతికే కణాన్ని భూగోళమంతటా కొలవడం అసాధ్యం. ఒకచోట కొలిచినది పక్క ఊరికి వర్తించదు. మబ్బు అడ్డువస్తే తగ్గుతుంది, చీకటి పడితే దాదాపు మాయమవుతుంది. అందుచేత దాని చేత తినబడేవాటిని చూసి దాని ఆకలిని అంచనా వేయవలసిందే. అందుకు రెండు దారులు దొరికాయి.

ఒకటి మిథైల్ క్లోరోఫామ్. యంత్రాల జిడ్డు తుడవడానికి వాడిన ద్రావకం ఇది. పూర్తిగా కర్మాగారాలలో తయారైనది కనుక ఎంత గాలిలో కలిసిందో కంపెనీల ఖాతాలలో ఉన్నది. దానిని గాలిలో ప్రధానంగా తినేది హైడ్రాక్సిలే. జేమ్స్ లవ్‌లాక్, హన్వంత్ సింగ్ 1977లో వేర్వేరుగా ఈ దారి చూపారు. కానీ అది ఓజోన్ పొరకు హాని చేసేది కూడా. 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాత దాని తయారీ ఆగిపోతూ వచ్చి, గాలిలో అది హరించుకుపోయింది. భూమికి అది శుభవార్త, కొలిచేవారికి మాత్రం కాదు. రెండవది మన రేడియో కార్బన్ మోనాక్సైడు. దీనిని ఏ ఒప్పందమూ నిషేధించలేదు. నక్షత్రాలు పేలుతున్నంతకాలం అది వస్తూనే ఉంటుంది.

జర్మనీలో ఆండ్రియాస్ వోల్జ్, డీటర్ ఎహాల్ట్, వారితో బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ డెర్వెంట్ 1981లో దీనిని ఋతువుల వారీగా, అక్షాంశాల వారీగా కొలిచి హైడ్రాక్సిల్ సగటును గణించారు. ఘన సెంటీమీటరుకు సుమారు ఆరున్నర లక్షలు అని వారికి వచ్చింది. తరువాతి అంచనాలు దానిని పెంచాయి. వేసవిలో ఎండ పెరిగి హైడ్రాక్సిల్ పెరిగితే ఈ గుర్తు తగ్గుతుంది, చలికాలంలో మళ్ళీ పెరుగుతుంది. గాలి ఊపిరి పీల్చి వదిలినట్టు ఏటేటా ఒక అల.

కొలవడం ఎంత కష్టమో ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది. ఘన సెంటీమీటరు గాలిలో మామూలు కార్బన్ మోనాక్సైడు అణువులు ఇంచుమించు 2.7 లక్షల కోట్లు. వాటిలో రేడియోకార్బన్ గలవి పది, ఇరవై! ఘనమీటరు గాలి పట్టి తెచ్చినా అందులో ఉండేవి సుమారు కోటి పరమాణువులు. కోటి పరమాణువులకు అర్ధాయువు 5730 ఏళ్ళు అయితే రోజుకు క్షయమయ్యేవి మూడో నాలుగో. గీగర్ యంత్రం ముందు కూర్చుని రోజుకు మూడు టిక్కులు వినాలి. అందుకే తొలిరోజులలో లెక్కలేనంత గాలిని వడగట్టవలసి వచ్చేది. పరమాణువుల క్షయం కోసం ఎదురుచూడకుండా వాటిని నేరుగా లెక్కించే త్వరణ ద్రవ్యమాపక యంత్రాలు వచ్చాక కొన్ని వందల లీటర్ల గాలి సరిపోయింది. ముందు గాలిలోని బొగ్గుపులుసు వాయువును అతిశీతలంలో గడ్డకట్టించి తీసివేస్తారు, లేకపోతే అందులోని రేడియోకార్బన్ అంతా ముంచేస్తుంది. తరువాత మిగిలిన మోనాక్సైడును మాత్రమే డయాక్సైడుగా మార్చి, ఆ చిటికెడును కూడబెట్టి యంత్రానికి ఇస్తారు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన చిక్కు ఒకటున్నది. గాలిని సిలిండరులో పట్టి ప్రయోగశాలకు పంపేలోగా, విశ్వకిరణాలు ఆ సిలిండరు గోడను దాటి లోపలి నత్రజనిని కూడా కొడుతూనే ఉంటాయి. సీసాలో బంధించిన గాలిలో సైతం కొత్త రేడియో మోనాక్సైడు పుడుతుంది! విమానంలో పంపితే ఇంకా ఎక్కువ. కనుక ప్రతి సిలిండరు ఎన్నిరోజులు ఎక్కడ ఉన్నదో, ఎంత ఎత్తున ప్రయాణించిందో రాసి పెట్టుకుని ఆ మేరకు తీసివేస్తారు. పాలు తెచ్చే దారిలో వాన పడితే పాత్రలో ఎన్ని చినుకులు పడ్డాయో లెక్కపెట్టినట్టు.

కార్ల్ బ్రెనింక్‌మైయర్ న్యూజిలాండులోని బేరింగ్ హెడ్ వద్ద, అంటార్కిటికాలో ఇలా కొలిచి 1992లో ఒక సంచలన వార్త చెప్పాడు. దక్షిణార్ధగోళంలో రేడియో మోనాక్సైడు ఉత్తరార్ధం కంటే తక్కువగా ఉన్నది. విశ్వకిరణాలకు ఉత్తరం, దక్షిణం తేడా లేదు. కనుక అక్కడ తినేవాడు ఎక్కువ ఉండాలి, అంటే దక్షిణ గాలిలో హైడ్రాక్సిల్ ఎక్కువ. ఈ నిర్ణయం మీద వాదం చాలాకాలం నడిచింది. 2014లో ప్రబీర్ పాత్రా బృందం మిథైల్ క్లోరోఫామ్ లెక్కలతో రెండు గోళాలూ ఇంచుమించు సమానమే అని నేచర్ పత్రికలో రాసింది. ఈ పాత్రా ఎవరనుకున్నారు? అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడు హైదరాబాదు బెలూన్ల మీదే పని చేసినవాడు. 1980లు, 90లలో ఆ పరిశోధనశాలవారు మన బెలూన్ కేంద్రం నుండి అతిశీతల గొట్టాలను ఎగరవేసి, వేర్వేరు ఎత్తులలో గాలిని గడ్డకట్టించి కిందికి తెచ్చారు. ఓజోన్‌ను తినే క్లోరిన్ వాయువులు, మీథేన్ వంటివి అందులో కొలిచారు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడు కొలతలను విశ్లేషించిన 1997 నాటి వ్యాసానికి పాత్రా ప్రథమ రచయిత. ఆ గాలి పట్టిన గొట్టాలు మన పల్లెల మీదుగానే దిగి వచ్చాయి.

మరొకరినీ చెప్పుకోవాలి. మైసూరు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్ళిన రవిశంకర. హైడ్రాక్సిల్ మీథేన్‌ను ఎంత వేగంగా తింటుందో వాఘ్‌జియానీతో కలిసి 1991లో మళ్ళీ జాగ్రత్తగా కొలిస్తే, అప్పటిదాకా వాడుతున్న వేగం కంటే నెమ్మదిగా తేలింది. ఒక్క అంకె మారేసరికి ప్రపంచ మీథేన్ ఆయుష్షు దాదాపు పావువంతు పెరిగిపోయింది. పొలాలు, గనులు, పశువులు ఎంత మీథేన్ వదులుతున్నాయన్న జమాఖర్చులన్నీ దానితో దిద్దుకోవలసి వచ్చింది.

ఈ జమాఖర్చే అసలు సంగతి. మీథేన్ గాలిలో తొమ్మిది పది ఏళ్ళు ఉంటుంది. దాని ఆయుష్షును నిర్ణయించేది హైడ్రాక్సిల్. హైడ్రాక్సిల్ కాస్త మందగిస్తే, ఎవరూ ఎక్కువ వదలకపోయినా మీథేన్ పెరుగుతుంది. అప్పుడు నింద ఎవరి మీద వేయాలి? వరి మడుల మీదా, తూము మీదా?

మన మూడు జిల్లాలనే తీసుకుందాం. జనగామ ఒకప్పటి మెట్టసీమ. చెరువుల కింద, ఎత్తిపోతల నీటి కింద వరి పండే మడులలో నీరు నిలిస్తే బురదలోని సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. అది నిన్నమొన్న మొక్క పీల్చిన కర్బనం, కాబట్టి అందులో రేడియోకార్బన్ ఉన్నది. ఆ మీథేన్‌ను హైడ్రాక్సిల్ తిన్నప్పుడు మధ్యలో పుట్టే మోనాక్సైడులోనూ కాస్త ఉంటుంది. మహబూబాబాద్ జిల్లాలో, అంటే మన మానుకోట వైపు, కొత్తగూడ, గంగారం అడవులు వేసవి ఎండకు వదిలే ఆవిర్లదీ అదే కథ, గడ్డి తగలబెడితే వచ్చే పొగదీ అదే కథ. గాలిలోని రేడియో మోనాక్సైడులో ఇంచుమించు ఐదోవంతు నుండి నాలుగోవంతు ఇలా జీవకోటి నుండి తిరిగి వచ్చినదే. విశ్వకిరణాల వాటా కావాలంటే దీనిని తీసివేయాలి. భూపాలపల్లి సంగతి వేరు. అక్కడ సింగరేణి గనులలోని బొగ్గు, డైనోసార్లు పుట్టకముందు, పర్మియన్ యుగంలో పాతుకుపోయిన అడవి. కోట్ల ఏళ్ళ కిందటే అందులోని రేడియోకార్బన్ చివరి పరమాణువు దాకా హరించింది. చెల్పూరు విద్యుత్ కేంద్రం ఎంత మండించినా, ఆ పొగలోని కర్బనం ఈ లెక్కలోకి రాదు. ఈ గుర్తు విలువ అక్కడే ఉన్నది. మామూలు కార్బన్ మోనాక్సైడును కొలిస్తే, పెరిగినది పొగ వల్లనా, తినేవాడు తగ్గినందువల్లనా చెప్పలేము. రేడియో మోనాక్సైడుకు బొగ్గు పొగ కనిపించదు, పెట్రోలు పొగ కనిపించదు. దానికి కనిపించేది తినేవాడొక్కడే. పొగ ఎక్కువై తినేవాడి కడుపు నిండిపోతే అదీ ఇందులో తెలుస్తుంది.

1871 ప్రాంతంలో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు చూసిన నాటి నుండి, నిజాం రైలు సికింద్రాబాదు నుండి జనగామ, మానుకోట, డోర్నకల్ మీదుగా బెజవాడకు చేరిన 1889 నుండి, ఈ దారిలో మనిషి గాలికి కలిపినదంతా ఆ మృతకర్బనమే. దానిని కడుగుతూ వచ్చినది పైనున్న హైడ్రాక్సిల్.

అది అలసిపోతున్నదా అన్న ప్రశ్నకు మార్టిన్ మానింగ్ బృందం 2005లో న్యూజిలాండు, అంటార్కిటికాలలోని పదమూడేళ్ళ కొలతలతో తొలి జవాబు ఇచ్చింది. దీర్ఘకాలంలో తగ్గుదల లేదు. కానీ మధ్యమధ్య తూలిపోయింది. 1991లో పినటూబో అగ్నిపర్వతం పేలినప్పుడు ఒకసారి, 1997లో ఇండోనేసియా అడవులు తగలబడినప్పుడు మరింత ఎక్కువగా, దాదాపు ఇరవై శాతం దాకా, కొన్ని నెలలపాటు హైడ్రాక్సిల్ తగ్గింది. తరువాత కోలుకున్నది. 2020లో మరో వింత. లాక్‌డౌనుతో వాహనాలు, కర్మాగారాలు ఆగి నత్రజని ఆక్సైడులు తగ్గాయి. అవి హైడ్రాక్సిల్‌ను తిరిగి పుట్టించే రసాయన చక్రంలో భాగం. గాలి కంటికి తేటపడింది, హైడ్రాక్సిల్ మాత్రం సుమారు 1.6 శాతం తగ్గిందని 2022లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆ ఏడు మీథేన్ అనూహ్యంగా పెరగడంలో సగం దాని వల్లనే అని వారి గణన.

2025లో ఓలాఫ్ మోర్గెన్‌స్టర్న్, ఆయన సహచరులు న్యూజిలాండు, అంటార్కిటికాల ముప్ఫైమూడేళ్ళ రేడియో మోనాక్సైడు వరుసను ప్రచురించారు. 1997 తరువాత అది న్యూజిలాండులో సుమారు 12 శాతం తగ్గింది. సూర్యుని పదకొండేళ్ళ చక్రం వల్ల విశ్వకిరణాలలో వచ్చే హెచ్చుతగ్గులు సరిచేసి చూసినా ఆ తగ్గుదల నిలిచింది. అంటే తినేవాడు బలపడ్డాడు. భూమి వేడెక్కి గాలిలో తేమ పెరగడం అందుకొక కారణం. మీథేన్ పెరుగుతూ ఉండగా హైడ్రాక్సిల్ కూడా పెరిగిందంటే, మనం వదిలే మీథేన్ గాలిలో కనిపిస్తున్న పెరుగుదల చెప్పేదానికంటే ఇంకా ఎక్కువన్న మాట. మడులకూ గనులకూ రాసిన పద్దు మళ్ళీ దిద్దవలసి ఉంటుంది.

ఈ వరుస అంతా దక్షిణ సముద్రాల గాలిది. అక్కడ పొగ తక్కువ, జనం తక్కువ. హైడ్రాక్సిల్ విరివిగా పుట్టే మన అక్షాంశాలలో ఈ గుర్తు మరీ పలచన. పైన పుట్టేదీ తక్కువే, పుట్టినదానిని తినేవాడూ చురుకే. ఘన సెంటీమీటరుకు ఐదారు అణువులకు పడిపోవచ్చు. సిలిండరులో దారిలో చేరే చినుకులు అప్పుడు మరింత బరువుగా తోస్తాయి, మరింత గాలి పట్టవలసి వస్తుంది.